అరవై దాటిన మనసులోకి ప్రవేశం లేదు

ఆ ఉత్తర్వు వచ్చిన రోజున సంధ్యా నిలయంలోని ఇరవై ముగ్గురిలో మంచం పట్టిన నలుగురు తప్ప అందరూ భోజనాల గదిలో గోంగూర పప్పుతో అన్నం తింటున్నారు. సూపరింటెండెంటు వైకుంఠరావు గారు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే వడ్డన ఆగిపోవాలని ఆ వృద్ధాశ్రమంలో ఆనవాయితీ. ఆగిపోయింది.

"రాష్ట్ర సాహిత్య ప్రమాణాల మండలి నుంచి మన సంక్షేమ శాఖ ద్వారా వచ్చిందండి ఇది. అందరూ శ్రద్ధగా వినాలి," అని ఆయన చదవడం మొదలుపెట్టారు.

"ఇటీవల వెలువడుచున్న కథలయందు వృద్ధ పాత్రలు అకారణముగా నవ్వుట, చమత్కరించుట, కడపటి పుట వరకు ఆరోగ్యముగా నుండుట మండలి దృష్టికి వచ్చినది. ఇది ప్రకృతి విరుద్ధము. కావున ఇకమీదట వార్ధక్యమును చిత్రించు రచనలన్నియు సహజవాద పద్ధతిని మాత్రమే అనుసరించవలెను. ఒకటి: కథనము ప్రథమ పురుషలో నుండవలెను. రెండు: అరవై నిండిన పాత్ర మనసులోనికి కథకుడు ప్రవేశించరాదు, బయటకు కనిపించు శరీర లక్షణములను మాత్రమే నమోదు చేయవలెను. మూడు: పాత్ర పతనమునకు వంశము, పరిసరములు కారణములుగా చూపవలెను. నాలుగు: కథకుడు ఎట్టి పరిస్థితిలోను జోక్యము చేసుకొనరాదు. అయిదు: పాత్ర స్థితి అధ్యాయము వెంట అధ్యాయము క్షీణించవలెనే గాని మెరుగుపడరాదు."

"ప్రథమ పురుషంటే మొదటి మొగుడాండి?" అని అడిగారు దేవసహాయం గారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. గోదావరి మీద లాంచీలు తిరిగే రోజుల్లో వాటిని నడిపే సరంగుగా చేశారు.

"కాదండి. 'నేను' అని రాయకూడదు, 'అతను, ఆమె' అని రాయాలి. దూరంగా నిలబడి చూసినట్టన్నమాట," అంది పక్క పీట మీదున్న మాణిక్యాంబ.

"దూరంగా నిలబడితే ఏం కనపడద్దండి? నడిగోదాట్లోంచి చూస్తే రేవులో జనం కాకుల్లా ఉండేవోరు."

వైకుంఠరావు గారు ఈ సంభాషణను విననట్టు ఊరుకుని చివరి పేరా చదివారు. 'ఆశ్రమానికో నవల' అనే పథకం కింద సంధ్యా నిలయం ఎంపికైంది. ఒక రచయిత తొమ్మిది నెలలపాటు వచ్చి వీళ్ళను గమనిస్తాడు. అతను రాసిన ప్రతి అధ్యాయాన్నీ మండలి పరీక్షించి, సహజంగా ఉందని ధ్రువీకరిస్తుంది. ధ్రువీకరించిన తర్వాత అది సాహిత్యమే కాదు, సత్యం కూడా.

మాణిక్యాంబ ఆ చివరి మాట దగ్గర ముద్ద కలపడం ఆపి తలెత్తింది. ఆమె ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. మాటలో అసలు మెలిక ఎక్కడుందో ఆమె చెవికి ముందే తెలిసిపోతుంది.

ఆమెకు డెబ్బై మూడేళ్ళు. ఒక్క ప్రాణానికి రోజూ కూరేం వండాలా అని ఆలోచించడం మీద విసుగొచ్చి, తనంతట తానే దరఖాస్తు పెట్టుకుని ఈ నిలయంలో చేరింది. తునిలో టీచరుగా ఉన్న కూతురు ఇందుమతి ప్రతి నెలా రెండో శనివారం వచ్చి, "మా ఇంటికి వచ్చెయ్యవే అమ్మా" అని పోరుతుంది. "నీ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారే, నాకు లైన్లన్నీ కలిసిపోయినట్టుంటుంది" అని మాణిక్యాంబ తప్పించుకుంటుంది. సోమవారం సోమవారం ఆమె గేటు దాటి, రెండు వీధుల అవతల కలెక్టరాఫీసు వరండాలో కూర్చుని, అక్షరం రానివాళ్ళకు అర్జీలు రాసిపెడుతుంది. వాళ్ళు ఏడుస్తూ, తిడుతూ, ముందుదీ వెనకదీ కలిపి చెప్పినదాన్ని విని, పది వరుసల్లో పెట్టడం ఆమెకు ఇష్టమైన పని. ఆ సోమవారం కోసమే మిగతా ఆరు రోజులూ గడుపుతున్నానని కూతురితో అంటూ ఉంటుంది.

రచయిత ఆషాఢ మాసం మొదట్లో వచ్చాడు. అసలు పేరు గుమ్మడి సన్యాసిరాజు, కలం పేరు 'నిశ్చల'. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో నోటుబుక్కు, జేబులో కొలత టేపు. మొదటి రోజే మాణిక్యాంబ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఆమె పాదాలకేసి పావుగంట చూశాడు.

"ఏం బాబూ, కాఫీ తాగుతారా?" అని అడిగింది ఆమె.

అతను ఏదో రాసుకున్నాడు.

"నన్నేమైనా అడగాలనుకుంటే అడగండి. నేను ఎక్స్ఛేంజిలో చేరినప్పుడు…"

అతను గాభరాగా రెండు చెవులూ మూసుకున్నాడు. "మీరు చెప్పకండమ్మా. దయచేసి చెప్పకండి. మీరు చెప్తే అది మీ మనసులోది అవుద్ది. నాకు దాంట్లోకి పర్మిషన్ లేదు. మీరు ఊరికే ఉండండి, నేను చూసుకుంటాను."

మాణిక్యాంబకు నవ్వొచ్చింది. ఆ నవ్వును అతను 'ముఖ కండరముల అసంకల్పిత చలనము' అని రాసుకున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

రెండో శనివారం ఇందుమతి వచ్చి, గేటు దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని ఎప్పటిలాగే బతిమాలింది. తల్లి ఎప్పటిలాగే రానంది. నిశ్చల గోడ పక్క నిలబడి అంతా చూసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్తున్న ఇందుమతిని వెంబడించి, "మీరు నెలకోసారి రావడం కథకి అడ్డంగా ఉందండి. మూడో నియమం ప్రకారం మీరు ఆవిణ్ణి వదిలేసి ఉండాలి," అని వినయంగా చెప్పాడు. ఆ తర్వాతి నెల నుంచి సందర్శకులు రచయిత అనుమతి తీసుకుని లోపలికి రావాలని వైకుంఠరావు గారు గేటుకు బోర్డు కట్టించారు.

బోర్డు కట్టించిన వారంలోనే మరో ఉత్తర్వు వచ్చింది. నవల పూర్తయ్యేవరకు నిలయం పరిసరాలను యథాతథంగా ఉంచాలి. పాత్ర పతనానికి పరిసరాలు కారణం కనుక, పరిసరాలు బాగుపడితే పతనం ఆగిపోయే ప్రమాదం ఉంది. హాల్లో ఆగిపోయిన రెండు ఫ్యాన్లను బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కును గేటు దగ్గరే వెనక్కి పంపించేశారు. భోజనాల గదిలో పాటల రేడియోను అట్టపెట్టెలో పెట్టి సీలు వేశారు. దీపావళికి వెయ్యాల్సిన సున్నం ఆగిపోయింది.

వీటన్నిటినీ మాణిక్యాంబ భరించింది. కడ్డీ దగ్గర మాత్రం భరించలేకపోయింది.

మగవాళ్ళ స్నానాల గదిలో గచ్చు నాచుపట్టి జారుతుంది. గోడకు పట్టుకోవడానికి ఒక ఇనప కడ్డీ కావాలని ఆమె మాఘమాసంలోనే అందరి సంతకాలతో అర్జీ రాసింది. శాఖ వాళ్ళు సరేనన్నారు. కడ్డీ వచ్చి స్టోరు గదిలో పడి ఉంది. దాన్ని బిగించడమే తరువాయి. మండలి అధ్యక్షులు డాక్టర్ పురుషోత్తమ వర్ధన్ గారు పర్యవేక్షణకు వచ్చిన రోజున ఆమె ఆ విషయం ఎత్తింది. ఆయన ఖద్దరు లాల్చీలో, తెల్లగా, నెమ్మదిగా ఉన్నారు.

"కడ్డీయా?" అని ఆయన నిశ్చల వంక చూశారు. "ప్రణాళికలో కడ్డీ ఉందా?"

"లేదండి. నాలుగో అధ్యాయంలో స్నానాల గదిలో పడడం ఉందండి," అన్నాడు నిశ్చల, తల వంచుకుని.

"అదీ సంగతి. అమ్మా, మీ ఆవేదన మేము గుర్తించగలం. కాని కళలో ఒక అనివార్యత ఉంటుంది. నాలుగో అధ్యాయంలోని పతనం ఈ నవలకు వెన్నెముక. మధ్యలో మీరు తీసుకెళ్ళి కడ్డీ పెడితే, వెన్నెముక ఏమవుతుంది?"

"మా వెన్నెముకలు బాగుంటాయండి," అంది మాణిక్యాంబ.

అధ్యక్షులు మందహాసం చేశారు. "వైకుంఠరావు గారూ, నాలుగో అధ్యాయం ధ్రువీకరణ పొందే వరకు కడ్డీ విషయం పెండింగులో ఉంచండి. తర్వాత నిరభ్యంతరంగా బిగించుకోవచ్చు."

"చిత్తం," అన్నారు వైకుంఠరావు గారు.

ఆ సాయంత్రం భోజనాల గదిలో నిశ్చల తన రెండో అధ్యాయం చదివాడు. ఆశ్రమవాసులకు వినిపించాలని పథకంలో ఓ షరతు ఉంది. వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలని లేదు.

"ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది," అని అతను చదివాడు. "మడమల పగుళ్ళలో మట్టి. దవడ ఆడింది, ఆగింది, మళ్ళీ ఆడింది. మోచేతి మీద ఈగ వాలింది. ఆమె తోలలేదు. ఆ కళ్ళలో ఏమీ లేదు. బావి ఎండిపోయాక చేద ఎందుకు?"

దేవసహాయం గారు మాణిక్యాంబ వైపు వంగి, "ఈగెందుకు తోల్లేదండి?" అని గుసగుసగా అడిగారు.

"వేరుశెనగ ఉండ తింటున్నానండి. రెండో చేతిలో కళ్ళజోడుంది."

గదిలో సగంమంది నవ్వారు. కాని మాణిక్యాంబకు ఆ కళ్ళలో ఏమీ లేదన్న మాట తేలిగ్గా పోలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు గుర్తుంది. గోడకేసి చూస్తూ ఆమె ఓ తుఫాను రోజు గురించి ఆలోచిస్తోంది. ఆ రోజు ఎక్స్ఛేంజిలో లైన్లన్నీ తెగిపోయి ఒక్కటి మిగిలింది. ఒక పక్క పెద్ద ఆఫీసరు ఇంటికి, ఇంకో పక్క లంకలో పురిటి నొప్పులతో ఉన్న పిల్ల కోసం మంత్రసానికి, రెండు కాల్స్ అడుగుతున్నారు. ఆమె లైను మంత్రసానికిచ్చింది. దానికి ఆమెకు మెమో వచ్చింది. ఆ పిల్లకి పుట్టిన బిడ్డ ఇప్పుడెంతవాడై ఉంటాడో అని లెక్కేసుకుంటోంది ఆ మధ్యాహ్నం. ఇతగాడు రెండు గజాల దూరంలో కూర్చుని ఈగను రాసుకున్నాడు.

చదవడం అయ్యాక ఆమె అతని దగ్గరకి వెళ్ళింది. "బాబూ, మీరు రాసిన ఈగ నిజమే. కాని ఈగ ఒక్కటే నిజమని ఎవరు చెప్పారు మీకు?"

నిశ్చల కొంచెంసేపు ఆమె ముఖంలోకి చూశాడు. జేబులోంచి నియమాల కాగితం తీసి, మళ్ళీ లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దేవసహాయం గారు కార్తీక మాసంలో ఓ ఆదివారం పొద్దున్న పడ్డారు. ఆరున్నర. ప్రార్థనకు వెళ్ళాలని తొందరగా స్నానానికి దిగారు. వరండాలో తులసాకులు కోసుకుంటున్న మాణిక్యాంబకు శబ్దం వినిపించింది. ఆ శబ్దం తర్వాత మనిషి గొంతు, "ఎవరన్నా రండి" అని. ఆమె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది.

స్నానాల గది తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో నిశ్చల నిలబడి ఉన్నాడు. అతని చేతిలో నోటుబుక్కు ఉంది. లోపల తడి గచ్చు మీద దేవసహాయం గారు పక్కకి పడి ఉన్నారు. ఒక కాలు చూడకూడని వైపు తిరిగింది. ఆయన చెయ్యి గోడ మీద, కడ్డీ ఉండాల్సిన చోట, వెతుకుతోంది.

"ఎంతసేపయింది?" అని అడిగింది మాణిక్యాంబ.

"ఆరు నిమిషాలండి," అన్నాడు నిశ్చల. "నాలుగో నియమం… నేను జోక్యం చేసుకోకూడదండి."

"ఆ చెయ్యి మీదా, మండలిదా?"

ఆమె అతన్ని పక్కకి తోసి లోపలికి వెళ్ళి, తడిలో కూర్చుని, దేవసహాయం గారి తల ఒళ్ళో పెట్టుకుంది. వాచ్‌మన్ అప్పలకొండ వచ్చాడు. మంచం తెచ్చారు. ఆస్పత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషను చేశారు. నలభై రోజుల తర్వాత ఆయన నాలుక్కాళ్ళ ఊతకర్ర పట్టుకుని తిరిగి వచ్చారు. అప్పటికి నాలుగో అధ్యాయం ధ్రువీకరణ పొందింది. ఇంతటి నిష్పాక్షికమైన వర్ణన తెలుగులో ఇంతవరకు రాలేదని మండలి తీర్మానించింది. ముఖ్యంగా చెయ్యి గోడ మీద వెతకడం.

కడ్డీ మాత్రం బిగించలేదు. నవలలో అలాంటి పతనం మరొకటి అవసరం రావచ్చునని, రెండో ముద్రణ వరకు ఆగమని శాఖ రాసింది.

పుష్యమాసంలో వైకుంఠరావు గారు మాణిక్యాంబను తన గదికి పిలిపించారు. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"అమ్మా, ఆరో అధ్యాయం ధ్రువీకరణ అయి వచ్చిందండి. దాంట్లో మీకు…" ఆయన కాగితం చూసి చదివారు, "మాట పడిపోవుట మరియు మంచము పట్టుట జరిగింది. అందుచేత మిమ్మల్ని మంచాల వార్డుకి మార్చాలి. సోమవారం గేటు పాసు రద్దు."

"నేను మాట్లాడుతున్నానండి."

"నాకు వినపడుతోందమ్మా. ఆఫీసుకి వినపడదు కదా."

"మీరు ఆఫీసు కాదా?"

ఆయన కాస్త ఆలోచించి, "సంతకం పెట్టేటప్పుడు అవునండి," అన్నారు.

ఆమెను మంచాల వార్డులో కిటికీ లేని మూల మంచానికి మార్చారు. అన్నం జావగా చేసి, చెంచాతో పెట్టడానికి ఆయాను పంపారు. "నాకు పళ్ళున్నాయే," అని మాణిక్యాంబ అంటే ఆయా పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకు తెలుసమ్మా, అయినా పెట్టకపోతే నా ఉద్యోగం," అంది. ఆమె మీద జాలితో మాణిక్యాంబ రెండు చెంచాలు మింగింది. ఆ వార్డులో నిజంగా మంచం పట్టినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళకు కావాల్సిన మెత్తటి పరుపులు యథాతథ నియమం కింద ఆగిపోయి ఉన్నాయి. వాళ్ళ గురించి నవలలో ఒక్క వరుసైనా లేదు. వాళ్ళు మొదటి పుటలోనే క్షీణించి ఉన్నారు కాబట్టి ఇంక క్షీణించడానికి చోటు లేదట.

సోమవారం నాడు మాణిక్యాంబ చీర మార్చుకుని, సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరకి వెళ్ళింది. అప్పలకొండ చేతులు జోడించాడు.

"అమ్మగారూ, కాయితంలో మీరు మంచం మీద ఉన్నారండి."

"ఉన్నానా?"

"ఉన్నారండి. నా కళ్ళారా చూశాను కాయితం."

"అయితే ఇక్కడ నుంచున్నది ఎవరో నీకు తెలీదు. తెలీనివాళ్ళని లోపలికి రానివ్వకూడదు గాని, బయటికి పంపడానికి నీకు అభ్యంతరం ఏముంది?"

అప్పలకొండ తల గోక్కుని, అందులో తప్పేమీ కనపడక, గేటు తీశాడు.

ఆ రోజు ఆమె వరండాలో కూర్చుని మొదటిసారి తన అర్జీ తాను రాసుకుంది. తాను మాట్లాడగలనని, నడవగలనని, కడ్డీ బిగించమని, నలుగురికి పరుపులు ఇప్పించమని. వరుసలో నిలబడి స్వయంగా అధికారికి ఇచ్చింది. ఆయన తీసుకున్నారు, ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడారు కూడా. పది రోజులకు జవాబు వచ్చింది.

"అర్జీదారు మాట కోల్పోయి శయ్యాగతురాలై యున్నట్లు ధ్రువీకృత నవల ఆరవ అధ్యాయము వలన స్పష్టము. కావున సదరు అర్జీ అర్జీదారు సమర్పించినది కాదని నిర్ణయించి, తిరస్కరించడమైనది. మరియు అర్జీదారు మనసులోని విషయములు ఇతరులకు తెలియు అవకాశము లేనందున, అర్జీలోని అంశములు పరిశీలనార్హములు కావు."

మాణిక్యాంబ ఆ కాగితాన్ని దేవసహాయం గారికి చదివి వినిపించింది. ఆయన ఊతకర్ర మీద గెడ్డం ఆనించి విన్నారు.

"నాకీ భాష తెలీదు గాని, దీన్ని లాంచీ భాషలో చెప్తానుండండి," అన్నారు. "లాంచీ మునిగిపోతందని చెప్పినోడే లాంచీలో లేడని రాశారు."

ఫాల్గుణంలో నవల పూర్తయింది. పట్నంలో టౌన్‌హాల్లో సన్మాన సభ జరిగింది. వేదిక మీద నిశ్చలకు శాలువా కప్పారు. అతని పక్కనే చక్రాల కుర్చీలో మాణిక్యాంబను కూర్చోబెట్టారు. కాళ్ళ మీద దుప్పటి కప్పారు. అధ్యక్షులు వర్ధన్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. రచయిత ఎక్కడా పాత్ర పట్ల సానుభూతి చూపలేదని, ఆ లేకపోవడంలోనే అపారమైన సానుభూతి ఉందని చెప్పారు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

నిశ్చలను మాట్లాడమన్నారు. అతను మైకు ముందుకొచ్చి, కృతజ్ఞతలు అని ఒక్క మాట చెప్పి వెనక్కి వెళ్ళాడు. కూర్చునేటప్పుడు మాణిక్యాంబ వైపు చూడకుండా మైకును ఆమె కుర్చీ వైపు కొంచెం జరిపాడు. తొమ్మిది నెలల్లో ఆమె పక్షాన అతను చేసుకున్న జోక్యం అది ఒక్కటే.

మాణిక్యాంబ దుప్పటి తీసి మడిచి, లేచి నిలబడింది. "మగవాళ్ళ స్నానాల గదిలో కడ్డీ బిగించండి. స్టోరు గదిలో పడి ఉంది. నలుగురికి వీపులు పుండ్లు పడ్డాయి, పరుపులు కావాలి," అని ఎక్స్ఛేంజిలో నంబరు చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

అధ్యక్షులు మైకు తనవైపు తిప్పుకున్నారు.

"చూశారా," అన్నారు ఆయన, గొంతు గద్గదమై. "నూట పన్నెండో పుటలో రచయిత వర్ణించిన అస్పష్టమైన గొణుగుడు ఇదే. ఎంత సహజంగా పట్టుకున్నాడో మీరే విన్నారు."

చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. మాణిక్యాంబ ఆ చప్పట్లు ఆగేవరకు నిలబడి ఒక్కొక్క వరుసనూ చూసింది. వినికిడి బాగున్నవాళ్ళే అందరూ. ఆమెకు కోపం కూడా రాలేదు. ఇక ఈ లైన్లో అవతల ఎవరూ లేరని మాత్రం తెలిసింది. ఎవరూ లేని లైనును పట్టుకుని కూర్చోవడం ఆమె ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే దేవసహాయం గారూ ఆమే మాట్లాడుకున్నారు. కాలవ లాకుల దగ్గర పాత లాంచీ కంపెనీ టికెట్ల ఆఫీసు ఖాళీగా ఉంది. పొడుగాటి పెంకుటిల్లు. కంపెనీ వాళ్ళ కోడలికి దేవసహాయం గారంటే గౌరవం. తాళం చెవి ఇచ్చేసింది. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది వృద్ధులు ట్రంకు పెట్టెలతో సూపరింటెండెంటు గది ముందు నిలబడ్డారు. మంచం పట్టిన నలుగుర్నీ ఇందుమతి తెచ్చిన వ్యానులో అప్పటికే పడుకోబెట్టారు.

"ఇలా వెళ్ళిపోవడానికి ఫారం లేదమ్మా," అన్నారు వైకుంఠరావు గారు నిస్సహాయంగా. "మరణం అని ఒక గడి ఉంది, బదిలీ అని ఒక గడి ఉంది. 'ఇష్టం లేక' అని గడి లేదు."

"ఏ గడీ నింపకండి. కాయితంలో మేం మంచాల మీదే ఉంటాం. మీకూ ఇబ్బంది ఉండదు," అంది మాణిక్యాంబ.

ఆయన దీర్ఘంగా ఆలోచించి, అందులోని సౌలభ్యం అర్థమై, పక్కకి తప్పుకున్నారు.

లాకుల దగ్గరింట్లో మొదట చేసిన పని స్నానాల గదిలో పట్టుకోవడానికి రెండు పైపులు బిగించడం. పరుపులు ఇందుమతి కుట్టించింది. అక్కడ అంతా సుఖమే అని చెప్పడానికి లేదు. ఆ నలుగురిలో ఒకావిడ జ్యేష్ఠంలో పోయింది. వంట విషయంలో రోజూ తగువే. దేవసహాయం గారి తుంటి వానాకాలం రాగానే సలుపుతుంది, ఆయన బూతులు తిడతారు. మాణిక్యాంబకు కుడి చెవిలో హోరు మొదలైంది. ముప్పై నాలుగేళ్ళు హెడ్‌ఫోను పెట్టుకున్న చెవి అది. ఆ హోరు పెరుగుతోందని తెలిసినప్పుడు ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సోమవారం. అర్జీదారుల్ని ఎడమవైపు కూర్చోబెట్టుకుంది.

మరుసటి ఏడు ఓ సోమవారం మధ్యాహ్నం, కలెక్టరాఫీసు వరండాలో వరుస పల్చబడ్డాక, ఎడమవైపు వచ్చి కూర్చున్న మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. చొక్కా వదులైంది. గెడ్డం మాసింది.

"నేనమ్మా, వైకుంఠరావుని."

ఆమె ఆయనకు మంచినీళ్ళ సీసా అందించింది. ఆయన తాగి మూత పెట్టారు.

"నాకు అరవై నిండాయండి. పోయిన నెల నుంచి మన శాఖలో కూడా ఆ రెండో నియమం అమలుచేశారు. అరవై నిండిన ఉద్యోగి తన గురించి తాను చెప్పింది చెల్లదు, గమనించినవాడు రాసిందే చెల్లుద్ది. నా బల్ల పక్కన ఒకాయన్ని కూర్చోబెట్టారు."

"ఏం రాశాడు?"

"ఫైలు మీద తల మూడుసార్లు వాలిందని. సంతకం పెట్టేటప్పుడు బొటనవేలు వణికిందని. వణికిందేమోనమ్మా, పక్కన కూర్చుని చూస్తుంటే ఎవరికి వణకదు? పై నుంచి నిలయానికి తనిఖీ వస్తోంది. కాయితంలో ఇరవై ముగ్గురున్నారు, మంచాలు చూస్తే పదమూడు ఖాళీ. అందుకని నా పేరు ఒక మంచానికి రాశారు."

"ఏ మంచం?"

ఆయన నేల చూశారు. "మూలదండి. కిటికీ లేంది."

అనదగ్గ మాటలు ఓ డజను మాణిక్యాంబ నోటిదాకా వచ్చాయి. అన్నీ బాగున్నాయి. ఆమె వాటిని మింగి, తెల్లకాగితం తీసి అట్ట మీద పెట్టుకుంది.

"ఏమని రాయమంటారు?"

"నా బుద్ధి సక్రమంగానే ఉందని రాయండి."

"అది మీరు చెప్తే చెల్లదన్నారుగా."

ఆయన సీసా పక్కన పెట్టారు. "అయితే నా మనసులో ఏముందో రాయండమ్మా. అది చూసైనా ఎవరికైనా…"

"చెప్పండి. ఏముంది?"

వైకుంఠరావు గారు గొంతు సవరించుకున్నారు. "పై విషయమునకు సంబంధించి, తమ దివ్య సముఖమునకు విన్నవించుకొను…"

ఆమె కలం ఎత్తింది. "అది ఫైల్లోదండి. మనసులోది చెప్పండి."

ఆయన నోరు తెరిచి మూశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని ఆ మాట అడిగినట్టు లేదు. ఎక్కణ్ణుంచి తియ్యాలో ఆయనకు తెలియడం లేదు. మాణిక్యాంబ తొందరపెట్టలేదు. అవతలివాళ్ళు మాట కోసం వెతుక్కునేటప్పుడు లైను పట్టుకుని ఉండడం ఆమెకు తెలుసు.

"భయమేస్తోందమ్మా," అన్నారాయన చివరికి.

ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టుగా, మొదటి వరుసలో, 'నాకు' అని చేర్చి పెద్ద అక్షరాలతో రాసింది. ఆయన మెడ చాచి చదువుకున్నారు.

"ఇలా రాస్తే ఆఫీసులో ఒప్పుకోరండి."

"ఒప్పుకోరు," అంది మాణిక్యాంబ. "ఇంకా చెప్పండి."